తెలుగు సంఘాల పెద్దలకు: ఒక్క శనివారం ఫుట్‌బాల్‌కు ఇవ్వండి

బ్రిటన్‌లో తెలుగు సంఘాలు నడుపుతున్న పెద్దలకు, కార్యవర్గాల్లో పనిచేస్తున్న అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం.

నేను లండన్‌కు రైల్లో గంట దూరంలో ఉన్న ఒక ఊళ్లో ఉంటున్నాను. ఈ దేశం వచ్చి పదకొండేళ్లయింది. పాపకు పన్నెండేళ్లు, బాబుకు ఎనిమిది. మీరు పెట్టే సంక్రాంతికి, ఉగాదికి, బతుకమ్మకు పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని వస్తూనే ఉన్నాను. మా పాప కూచిపూడి వేషం కట్టి మొదటిసారి స్టేజీ ఎక్కింది మీ కార్యక్రమంలోనే. ఆ చనువుతోనే ఒకటి అడుగుతున్నాను. మీ ఏడాది క్యాలెండర్‌లో ఒక శనివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ మ్యాచ్‌కు కేటాయించండి. హాలు బుక్ చేసి తెర మీద చూపించడం కాదు నేనడిగేది. మనం ఉంటున్న ఊరి క్లబ్బు స్టేడియంకు పిల్లలను, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకుని అందరం కలిసి వెళ్దాం.

పోయిన దసరా ఏర్పాట్ల మీటింగ్‌లో ఈ మాట ఎత్తితే ఒకాయన, "ఫుట్‌బాల్ టికెట్ ధరలు తెలుసా అమ్మా? ఆ డబ్బుతో రెండు సినిమాలు చూడొచ్చు" అన్నారు. మరో నలుగురు తలూపారు. ఆ రోజు టైమ్ లేక నేను జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ఆయన అన్నది ప్రీమియర్ లీగ్, అంటే ఇక్కడ అన్నిటికంటే పై డివిజన్ గురించి అయితే నూటికి నూరుపాళ్లు నిజం. ఆ దెబ్బ మేమూ తిన్నాం. నాలుగేళ్ల కిందట మా మామయ్య గారు, అత్తయ్య గారు రాజమండ్రి నుంచి వచ్చారు. మామయ్య గారు రాత్రి ఒంటిగంట వరకు మేలుకుని టీవీలో ఇంగ్లండ్ మ్యాచ్‌లు చూసే మనిషి. ఒక్కసారైనా పెద్ద క్లబ్బు ఆట చూపించాలని మావారి పట్టుదల. తీరా చూస్తే మనిషికొక మెంబర్‌షిప్ కొనాలి, ఆ తర్వాత లాటరీలో పేరు రావాలి, వచ్చినా ముగ్గురికి పక్కపక్కన సీట్లు దొరకడం కష్టం. చివరికి ఒక వాట్సాప్ గ్రూపులో పరిచయమైన మనిషి దగ్గర మూడు టికెట్లు, ఒక్కోటి 120 పౌండ్లకు కొన్నారు. గేటు దగ్గర ఫోన్ పెడితే ఎర్ర లైటు వెలిగింది. అమ్మినవాడు ఫోన్ ఎత్తలేదు. తిరుగు రైల్లో మామయ్య గారు, "పోనీలే నాన్నా, బయటి నుంచి చూశాం కదా, అంత పెద్ద స్టేడియం" అన్నారట. మావారు ఇప్పటికీ ఆ మాట తలుచుకుని బాధపడతారు. అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్లు తిరిగి అమ్మడం ఈ దేశంలో 1994 నుంచి నేరమన్న సంగతి మాకు ఆ తర్వాతే తెలిసింది. మన గ్రూపుల్లో ఇలాంటి బేరాలు ఇంకా నడుస్తున్నాయి. సంఘం తరఫున మీరు ఒక్క హెచ్చరిక మెసేజ్ పెట్టినా కొన్ని కుటుంబాలు బాగుపడతాయి.

సరైన దారిలో కొన్నవాళ్లకూ సుఖం లేదు. 2024 చివర్లో మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు ఆ సీజన్‌లో మిగిలిన లీగ్ మ్యాచ్‌లకు మెంబర్ల టికెట్ 66 పౌండ్లు చేసింది. పిల్లలకు, ముసలివాళ్లకు ఉండే తగ్గింపు కూడా తీసేసింది. అంటే ఎనిమిదేళ్ల పిల్లాడికీ 66 పౌండ్లే. నలుగురు వెళితే లోపల అడుగు పెట్టడానికే 264 అవుతుంది. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ యాజమాన్యం 77 పౌండ్ల టికెట్ పెడతామంటే, సండర్‌లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషంలో దాదాపు పదివేల మంది లేచి బయటకు నడిచారు. అప్పటికి వాళ్ల జట్టు రెండు గోల్స్ ఆధిక్యంలో ఉంది. పుట్టినప్పటి నుంచి ఆ క్లబ్బునే ప్రేమించినవాళ్లు గెలుస్తున్న మ్యాచ్‌ను వదిలేసి వెళ్లారంటే వాళ్ల కడుపు ఎంత మండిందో ఆలోచించండి. కొద్ది రోజుల్లోనే యాజమాన్యం వెనక్కి తగ్గింది. బయటి ఊరి నుంచి వచ్చే అభిమానులకు టికెట్ 30 పౌండ్లు దాటకూడదని ప్రీమియర్ లీగ్ క్లబ్బులు ఒప్పుకున్నది కూడా ఆ ఏడాదే. అయితే ఆ టికెట్లు ఏళ్ల తరబడి జట్టు వెంట తిరిగిన వాళ్లకే అందుతాయి, మనలాంటి వాళ్లకు కాదు.

కాబట్టి కుటుంబమంతా సరదాగా గడపడానికి ప్రీమియర్ లీగ్ మ్యాచ్ మంచి బేరం కాదు. నేనూ అదే అంటాను. కానీ ప్రీమియర్ లీగ్‌లో ఉన్నవి ఇరవై క్లబ్బులే. దాని కింద మూడు డివిజన్లలో 72 క్లబ్బులున్నాయి. వాటి కింద నేషనల్ లీగ్, ఆ కింద ఊరూరా వందల కొద్దీ చిన్న క్లబ్బులున్నాయి. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే రెడింగ్, స్విండన్, మిల్టన్ కీన్స్, కోవెంట్రీ లాంటి ఊళ్లన్నిటికీ సొంత క్లబ్బు ఉంది. రోజూ ఆఫీసుకు ఆ స్టేడియం పక్క నుంచే వెళుతుంటాం. లోపలికి మాత్రం వెళ్లం.

మేం మొదటిసారి వెళ్లింది ఆ వాట్సాప్ దెబ్బ తిన్న రెండు వారాలకు. మామయ్య గారి మనసు కుదుటపరచాలని మా ఊరి క్లబ్బు మ్యాచ్‌కు టికెట్లు తీశాం. పెద్దలకు 20 పౌండ్లు, పిల్లలకు 5, అరవై అయిదు దాటినవాళ్లకు 14. పిల్లలు, మేమిద్దరం కలిపితే 50 పౌండ్లు. ఇంటి నుంచి నడిచి పాతిక నిమిషాలు. మూడు గంటలకు ఆట మొదలైతే అయిదుకల్లా అయిపోయింది. ఆరుకు ఇంట్లో అన్నం తింటున్నాం.

దాని పక్కన మిగతావి పెట్టి చూడండి. ఈ సంక్రాంతికి పెద్ద హీరో సినిమా ప్రీమియర్ షోకు మా నలుగురికీ 76 పౌండ్లయింది. మా ఊళ్లో వేయలేదు కాబట్టి ముప్ఫై మైళ్లు కారులో వెళ్లాం. షో మొదలయ్యేసరికి రాత్రి తొమ్మిదిన్నర, ఇంటర్వెల్ కాకముందే బాబు నిద్రపోయాడు. సినిమా చూడొద్దని నేననను, మన భాష పెద్ద తెర మీద వినబడితే నాకూ ప్రాణం లేచొస్తుంది. థీమ్ పార్కుకు వెళ్లిన రోజు పెట్రోలుతో కలిపి 170 దాటింది, అందులో సగం రోజు క్యూలోనే గడిచింది. క్రికెట్ అయితే మనవాళ్లు ఖర్చుకు వెనుకాడరు. 2025 ఆగస్టులో ఓవల్‌లో మన సిరాజ్ చివరి రోజు పొద్దున్నే ఇంగ్లండ్‌ను పడగొట్టి ఆరు పరుగులతో గెలిపిస్తే మా వీధిలో మిఠాయిలు పంచాం. కానీ ఇండియా టెస్ట్ జట్టు ఇక్కడికి ఎన్నేళ్లకు ఒకసారి వస్తుంది?

డబ్బు ఒక్కటే లెక్కయితే మ్యూజియంలకు మించింది లేదు. 2001 డిసెంబరు నుంచి ఈ దేశంలో దాదాపు అన్ని జాతీయ మ్యూజియంలకూ ప్రవేశం ఉచితం. లండన్‌లో సైన్స్ మ్యూజియం, పక్కనే నేచురల్ హిస్టరీ మ్యూజియం, రైలు ఖర్చు తప్ప పైసా లేదు. ఏడెనిమిది సార్లు వెళ్లాం. నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ అక్కడ మాతో ఎవరూ మాట్లాడలేదు, మేమూ ఎవరితోనూ మాట్లాడలేదు. అక్కడ మేం సందర్శకులం, అంతే.

నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇక్కడుంది. ప్రీమియర్ లీగ్ కింది ఆ మూడు డివిజన్లలో ఒక క్లబ్బు సొంత మైదానంలో సీజన్‌కు 23 లీగ్ మ్యాచ్‌లు ఆడుతుంది. వాటిలో ఆరేడింటికి వెళ్లినా చాలు, అవే ముఖాలు మళ్లీ కనబడతాయి. మా ముందు వరసలో ఒక పెద్దాయన కూర్చుంటారు. బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. 1970ల నుంచి వస్తున్నానని చెప్పారు. మొదటి రోజే వెనక్కి తిరిగి మా బాబుకు చాక్లెట్ ఇచ్చారు. మూడోసారి వెళ్లినప్పుడు వాడి పేరు ఎలా పలకాలో అడిగి, నాలుగు సార్లు అనుకుని నేర్చుకున్నారు. స్కూల్లో టీచర్లు కూడా కుదించి పిలిచే పేరును ఆయన పూర్తిగా పిలుస్తారు. మా మామయ్య గారికీ ఆయనకూ ఒకరి ఇంగ్లీషు ఒకరికి సగమే అర్థమయ్యేది. అయినా హాఫ్ టైమ్‌లో ఫ్లాస్కులో టీ పంచుకుని, రెఫరీని కలిసి తిట్టుకునేవారు. మామయ్య గారు ఆ చలికాలం అయిదు మ్యాచ్‌లు చూశారు. అంతకు ముందు వచ్చినప్పుడు ఆరు నెలలూ కిటికీ దగ్గర కూర్చుని, "ఇక్కడ పలకరించే నాథుడే లేడు" అన్న మనిషి ఆయనే. ఇప్పుడు రాజమండ్రి నుంచి వీడియో కాల్ చేస్తే మా ఆరోగ్యం కంటే ముందు, "మనవాళ్లు గెలిచారా?" అని అడుగుతారు.

మనవాళ్లు అన్న ఆ మాట గమనించండి. ఈ ఊళ్లో ఆరేళ్లున్నాక కూడా నాకు తెలిసినవాళ్లంటే మన తెలుగు కుటుంబాలు, ఆఫీసులో ముగ్గురు, క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయి. పబ్బులకు నేను వెళ్లను. చర్చి మాది కాదు. ఈ ఊరి మనుషులను కలవడానికి నాకు చోటే లేకపోయింది. మైదానంలో కూర్చుంటే ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. గోల్ పడితే పక్కవాళ్లు మన భుజం పట్టుకుని ఊపేస్తారు. ఓడిపోతే నాలుగు వేల మందిమి కలిసి తల దించుకుని వాన్లో నడిచి వస్తాం. సోమవారం స్కూలు గేటు దగ్గర, "చూశావా, ఎంత అన్యాయం!" అని ఇంకో తల్లి ఆగి మాట్లాడుతుంది. 50 పౌండ్లకు నాకు దొరికింది ఇదీ. ఇలాంటిది ఇంకెక్కడ దొరుకుతుందో మీకు తెలిస్తే చెప్పండి.

ప్రతి మ్యాచూ బాగుంటుందని మాత్రం నేను మాటివ్వలేను. ఒక్క గోల్ కూడా పడకుండా, ముక్కు కారుతూ, కాళ్లు కొయ్యబారిపోయి కూర్చున్న మధ్యాహ్నాలున్నాయి. సినిమాకు రివ్యూ చదివి వెళ్లొచ్చు, దీనికి ఆ వీలు లేదు. అయినా మా బాబు చెప్పే కథల్లో ఎక్కువ భాగం అలాంటి రోజులవే. శనివారం మూడు గంటల ఆటలను టీవీలో కూడా చూడలేం. మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా ఇక్కడ ఏ ఫుట్‌బాల్ మ్యాచ్‌నూ ప్రత్యక్షంగా చూపించకూడదన్న నియమం 1960ల నుంచి ఉంది. టీవీలో వస్తే చిన్న క్లబ్బులకు జనం రారని పెట్టిన కట్టడి అది. మనకు అది మేలే. ఉదయం తెలుగు బడి, మధ్యాహ్నం మ్యాచ్, రెండూ ఒకే రోజు చక్కగా సరిపోతాయి.

ఆడవాళ్లు నన్ను అడిగేవి వేరే ఉన్నాయి. తాగి గొడవ చేస్తారేమోనని ఒకటి. మగవాళ్ల పెద్ద లీగుల్లో ఆట కనబడే చోట కూర్చుని మద్యం తాగడాన్ని 1985లోనే చట్టం చేసి ఆపారు. తాగేవాళ్లు లోపలి హాల్లో తాగి రావాలి. బూతులు వినబడవా అంటే వినబడతాయి. పిల్లలతో వచ్చేవాళ్ల కోసం ఉండే ఫ్యామిలీ స్టాండ్‌లో సీట్లు తీసుకుంటే చాలా తగ్గుతాయి, పూర్తిగా పోవు.

ఒంటి రంగు చూసి ఏమైనా అంటారేమోనన్న భయం ఇంకా పెద్దది. దాన్ని కొట్టిపారేయలేను. 1970లలో, 80లలో ఇక్కడి స్టేడియంలలో నల్లజాతి ఆటగాళ్ల మీద ఏం జరిగిందో ఆ కాలంలో ఇక్కడ పెరిగినవాళ్లు చెబితే వినలేం. దాని మీద పోరాటానికే 1993లో కిక్ ఇట్ అవుట్ ఉద్యమం మొదలైంది. నేటికీ ఆ పని అయిపోలేదు. మా విషయంలో ఈ నాలుగేళ్లలో ఒక్కసారే ఒక కుర్రాడు వెకిలిగా ఏదో అన్నాడు. నేను లేచేలోపే ముందు వరసలోని పెద్దాయన వెళ్లి జనాన్ని చూసుకునే స్టేడియం ఉద్యోగిని, స్టీవార్డును పిలుచుకొచ్చారు. ఆ కుర్రాణ్ని బయటకు పంపేశారు. ఒంటరిగా వెళ్లడానికి జంకే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. సంఘంగా నలభై మంది కలిసి వెళితే ఆ జంకు మొదటి రోజే పోతుంది. మిమ్మల్ని అడగడానికి ముఖ్య కారణం అదే. పంజాబీవాళ్లు ఈ పని ఎప్పుడో చేశారు. వుల్వర్‌హాంప్టన్‌లో పంజాబీ వుల్వ్స్, డర్బీలో పంజాబీ రామ్స్, వెస్ట్ బ్రామ్‌విచ్‌లో అప్నా అల్బియన్ పేర్లతో అభిమాన సంఘాలు పెట్టుకుని, డోలు పట్టుకుని వెళతారు. మన డప్పు ఎవరికి తీసిపోయింది?

తిండి విషయం ఒక్క మాట. చలికి అందరూ తాగుతున్నారని బోవ్రిల్ కొనుక్కోకండి, అది గొడ్డు మాంసం రసంతో చేసేది. మేం చిన్న సంచిలో పులిహోర డబ్బా పట్టుకెళతాం. గ్లాస్టర్‌షైర్‌లో ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ అనే క్లబ్బు ఉంది. అక్కడ అమ్మే తిండి మొత్తం శాకాహారమే, పాలు కూడా వాడరు. బ్రిస్టల్ వైపు ఉన్న సంఘాలు అక్కడికి తప్పక వెళ్లాలి.

ఇక "అది మన ఆట కాదు కదా" అనేవాళ్లకు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును సెమీఫైనల్ దాకా తీసుకెళ్లిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ మనిషి. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ స్వర్ణం కూడా ఆయన శిక్షణలోనే వచ్చింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్‌లో పుట్టారు. నిన్నమొన్నటి సంగతే చూడండి. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) టైటిల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలిలో పిల్లలను తీసుకెళ్లి మ్యాచ్‌లు చూపించిన మా తమ్ముడు ఆ వార్త ఫార్వర్డ్ చేసి, "అక్కా, మీ ఊళ్లో జట్టు ఉంది కదా, జాగ్రత్తగా చూసుకోండి" అని రాశాడు. ఊరికి జట్టు లేకుండా పోతే ఏమవుతుందో వాడికి తెలుసు.

మా పాప గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. మొదట్లో అది పుస్తకం పట్టుకుని స్టేడియంకు వచ్చేది. తమ్ముడి కోసం వస్తున్నట్టే ఉండేది. పోయినేడు ఒక ఆదివారం ఆడవాళ్ల మ్యాచ్‌కు తీసుకెళ్లాను. పెద్దలకు 10 పౌండ్లు, పిల్లలకు 3. ఆట అయ్యాక ఆటగత్తెలు కంచె దగ్గరికి వచ్చి పిల్లలతో మాట్లాడారు. గోల్‌కీపర్ మా పాప జడ చూసి ఎంత బాగుందో అంది. ఆ రోజు నుంచి పుస్తకం ఇంట్లోనే ఉంటోంది. ఇంటికొచ్చి తనే వెతికి నాకు చెప్పింది: 1920లో క్రిస్మస్ మర్నాడు లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో ఆడవాళ్ల మ్యాచ్‌కు 53 వేల మంది వచ్చారట. మరుసటి ఏడాదే ఫుట్‌బాల్ అసోసియేషన్, ఈ ఆట ఆడవాళ్లకు తగదని తన మైదానాల్లో వాళ్లను ఆడనివ్వకుండా నిషేధం పెట్టింది. అది దాదాపు యాభై ఏళ్లు సాగింది. 2022లో ఆడవాళ్ల యూరోపియన్ ఛాంపియన్‌షిప్ (యూరో) ఫైనల్లో జర్మనీ మీద ఇంగ్లండ్ అమ్మాయిలు గెలిచిన రోజు వెంబ్లీలో 87,192 మంది ఉన్నారు. "అమ్మా, అన్నేళ్లు ఎందుకు ఆపారు?" అని అడిగింది పాప. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లి భారత జట్టుకు ఆడుతున్న గుగులోత్ సౌమ్య వీడియోలు ఇద్దరం కలిసి చూశాం. ఇప్పుడు మంగళవారాలు కూచిపూడి, గురువారాలు ఫుట్‌బాల్ ప్రాక్టీసు. మీ సంఘాల్లో ఆడపిల్లలున్న తల్లిదండ్రులు మొదట ఆడవాళ్ల మ్యాచ్‌తోనే మొదలుపెట్టండి. ధర తక్కువ, జనంలో సగం కుటుంబాలే ఉంటాయి, పిల్లలు ఆటగాళ్లను దగ్గరగా చూస్తారు.

మీరు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. కింది డివిజన్ల ఫిక్చర్లు, అంటే ఏ మ్యాచ్ ఏ రోజో చెప్పే పట్టిక, జూన్ చివర్లో వస్తాయి. మీరు బతుకమ్మకు, దసరాకు హాళ్లు బుక్ చేసేది కూడా దాదాపు అప్పుడే. సెప్టెంబరులో, చలి రాకముందు, సొంత ఊళ్లో మూడు గంటల మ్యాచ్ ఉన్న శనివారం ఒకటి చూడండి. క్లబ్బు టికెట్ ఆఫీసుకు ఫోన్ చేసి నలభై మందికి ఫ్యామిలీ స్టాండ్‌లో ఒకే చోట సీట్లు కావాలని, గ్రూపు ధర ఎంతని అడగండి. ఈ క్లబ్బులకు అనుబంధంగా కమ్యూనిటీ ట్రస్టులు ఉంటాయి. హాఫ్ టైమ్‌లో మన పిల్లలు కోలాటం వేస్తామంటే కుదురుతుందేమో వాళ్లను అడగండి. కుదరదంటే మన ఖర్చేం లేదు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు సంఘం నిధి నుంచి టికెట్ కొనిస్తే ఇంకా మంచిది. ఆరు నెలలు నాలుగు గోడల మధ్య ఉండేది వాళ్లే.

మా ఊరి సంఘం ఒప్పుకుంటే ఫోన్లు, బుకింగులు, డబ్బు వసూళ్లు అన్నీ నేనే చూసుకుంటాను. పులిహోర కూడా నేనే చేసుకొస్తాను. మామయ్య గారు, అత్తయ్య గారు ఆగస్టు చివర్లో మళ్లీ వస్తున్నారు. సెప్టెంబరులో మనం కలిసి వెళ్లే మ్యాచ్‌కు రెండు పెద్దవాళ్ల టికెట్లు నా లెక్కలో ముందే రాసి పెట్టుకున్నాను. మిగిలిన ముప్ఫై ఎనిమిది పేర్లు మీరు పంపండి.

ఇట్లు,
మీ కార్యక్రమాల్లో మూడో వరసలో కూర్చునే ఒక తల్లి